అసలైన నీలం పూసే మొక్కలు: ఊదా, లావెండర్ కాకుండా ఏవి పెట్టాలి?

#1 మొలకలగంప

ఒక వరుస మొత్తం నీలిపూలే ఉండాలనుకుంటున్నాను. ఊదా, వంగపండు రంగు, లావెండర్ వద్దు. దూరం నుంచి చూసినా నీలం అనిపించాలి. చోటు వివరాలివి: ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా నేరుగా ఎండ. వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటుతాయి, చలికాలం రాత్రులు 14–15 దాకా దిగుతాయి. 12 అంగుళాల కుండీలు ఓ పది పడతాయి. ఒక గోడ వెంబడి తీగకు వైర్లు కట్టి ఉన్నాయి. ఇంకో పక్క రోజంతా పలచని నీడ, అక్కడ రెండు పొదలు పెట్టొచ్చు. బోరు నీళ్ళు, ఉప్పదనం కాస్త ఎక్కువే. పెద్ద గుత్తులుగా పూసే హైడ్రాంజియా పొద పెట్టొచ్చా అన్నది కూడా తేల్చాలి.

#2 ఎర్రమట్టి

మొక్కల జాబితా కంటే ముందు రంగు ఎలా చూడాలో తెలుసుకోండి. నీలం అని అమ్మే వాటిలో చాలా భాగం ఊదాయే.

పూవును కళ్ళతో చూడకుండా ఫోటో నమ్మి కొనకండి. చెట్టు నీడలోనో గోడ నీడలోనో పడే వెలుతురులో నీలం పాలు ఎక్కువ. అక్కడ తీసిన ఫోటోలో ఊదా పూవు కూడా నీలంగా వస్తుంది. దానికి తోడు ఫోను తనంతట తాను రంగు సర్దుతుంది. ఇది రెండు వైపులా జరుగుతుంది: నిజంగా నీలమైన పూవు కొన్నిసార్లు ఫోటోలో ఊదాగా పడుతుంది. కాబట్టి ఫోటో దేనికీ సాక్ష్యం కాదు.

పరీక్ష ఇలా చేయండి. ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య, ఆరుబయట, నేరుగా ఎండ పడని చోట ఒక తెల్లకాగితం పెట్టి దాని మీద రేకును పరవండి. పక్కనే నీలి బాల్‌పెన్‌తో మందంగా ఒక గీత గీయండి. రెండిటి మీదా ఒకే వెలుతురు పడుతుంది కాబట్టి, రేకులో ఎరుపు ఛాయ ఏమాత్రం ఉన్నా ఆ గీత పక్కన వెంటనే బయటపడుతుంది. రేకు అంచూ మధ్య ఈనే రెండూ చూడాలి. చాలా పూలలో అంచు నీలంగా, ఈనె ఊదాగా ఉంటుంది. ఈ పరీక్ష ఇంట్లో బల్బు కింద చేయకండి, పసుపు వెలుతురులో నీలం మాసిపోతుంది.

పూవు వయసు కూడా చూడాలి. విచ్చిన రోజు ఉదయం ఒక రంగు, వాడే ముందు ఇంకో రంగు.

#3 ఆకుపచ్చ

ఎర్రమట్టి గారు చెప్పినదానికి కారణం కూడా తెలిస్తే ఎంపిక తేలికవుతుంది.

చాలా పూలలో ఎరుపు నుంచి నీలం దాకా రంగులనిచ్చేది ఆంథోసయనిన్ అనే వర్ణకాల కుటుంబమే. అందులో డెల్ఫినిడిన్ రకం నీలం వైపు మొగ్గుతుంది, సయనిడిన్ ఎరుపు వైపు. డెల్ఫినిడిన్ ఉన్నంత మాత్రాన నీలం రాదు, ఒంటరిగా ఉంటే అది ఊదా దగ్గరే ఆగిపోతుంది. అసలు నీలం రావాలంటే ఈ మూడింటిలో కనీసం ఒకటి జరగాలి: వర్ణకం లోహంతో ముడిపడాలి, లేదా పక్కనున్న రంగులేని అణువులతో పేర్చినట్టు కూర్చోవాలి, లేదా రేకు కణం లోపలి రసం ఆమ్లత్వం తగ్గాలి.

కార్న్‌ఫ్లవర్ అనే నీలిపూవులో ఉన్నది ఎర్రగులాబీలో ఉన్న సయనిడిన్ జాతి వర్ణకమే. కానీ అక్కడ ఆరు వర్ణక అణువులు, ఆరు ఫ్లేవోన్ (పైన చెప్పిన పక్క అణువుల్లాంటివి) అణువులు, ఒక ఇనుము, ఒక మెగ్నీషియం, రెండు కాల్షియం అయాన్లు కలిసి ఒక గుత్తి కడతాయి. దీని పూర్తి నిర్మాణం 2005లో తేలింది. అదే వర్ణకం గులాబీలో ఎరుపు, ఇక్కడ చిక్కటి నీలం. హెవెన్లీ బ్లూ రకం మార్నింగ్ గ్లోరీ తీగలో లోహం పనేమీ లేదు. మొగ్గగా ఉన్నప్పుడు రేకు కణరసం పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అంకె పెరిగితే ఆమ్లత్వం తగ్గినట్టు) 6.6, విచ్చేసరికి 7.7. అందుకే ఎర్రటి ఊదా మొగ్గ ఆకాశనీలం పూవవుతుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, నీలం కోసం మట్టిని పుల్లగా, అంటే ఆమ్లంగా, మార్చడం హైడ్రాంజియాకే పనికొస్తుంది. మిగతా మొక్కల రేకు రసం పీహెచ్ మొక్క చేతిలోనే ఉంటుంది, మట్టి మార్చినా రంగు మారదు. రెండు, గులాబీ, చామంతి, కార్నేషన్, లిల్లీలకు డెల్ఫినిడిన్ చేసే ఎంజైమే సహజంగా లేదు. వాటిలో నీలం విత్తనాలనీ నీలం మొక్కలనీ ఎవరు అమ్మినా కొనవద్దు. జన్యుమార్పిడితో జపాన్‌లో 2004లో ప్రకటించి 2009లో అమ్మకానికి పెట్టిన నీలి గులాబీ కూడా చూడ్డానికి లావెండరే. చామంతిలో 2017లో నిజంగా నీలం సాధించారు, దానికి వాడిన రెండు జన్యువుల్లో ఒకటి మన శంఖుపుష్పానిది. ఆ చామంతిని ఇంటి తోటల కోసం అమ్మడం లేదు. నీలం ఆర్కిడ్లయితే ఎక్కువగా రంగునీరు ఎక్కించినవి, తర్వాతి పూత తెల్లగా వస్తుంది.

#4 నీడపందిరి

మొలకలగంప గారి ఎండకూ వేడికీ ఏడాది పొడవునా నిలబడేవి నాలుగైదే. నా లెక్కలో వరుస ఇది.

మొదటిది ఎవాల్వ్యులస్ గ్లోమరేటస్, బ్లూ డేజ్ అని అమ్ముతారు. మన విష్ణుక్రాంతకు దగ్గరి చుట్టం. 2 సెంటీమీటర్ల పూవు, మధ్యలో తెల్లచుక్క, వెండి నూగు ఉన్న ఆకు. నేరుగా పడే ఎండ ఆరు గంటలకు తగ్గితే పూత సగానికి పడిపోతుంది. పూలు ఉదయం విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి, మబ్బు రోజున సరిగా విచ్చవు. అంటే మీరు సాయంత్రాలు మాత్రమే తోటలో ఉంటారంటే ఇది మీకు కాదు. ఎత్తు 25–30 సెంటీమీటర్లు, పరుచుకునేది 60 దాకా. 12 అంగుళాల కుండీకి ఒక్క మొక్క చాలు.

దీన్ని చంపేది ఎండ కాదు, తడి. నూగాకు మీద నీళ్ళు నిలిస్తే బూజు, అడుగున నీళ్ళు నిలిస్తే వేరుకుళ్ళు. మట్టి మిశ్రమంలో మూడో వంతు ముతక ఇసుకో పెర్లైటో (తేలికైన తెల్లటి గుల్ల రేణువులు) ఉండాలి. పైన రెండు సెంటీమీటర్లు ఆరాకే మొక్క మొదట్లో నీళ్ళు పోయాలి, ఆకుల మీద కాదు. వానాకాలంలో కుండీని కాస్త ఎత్తు మీద పెట్టి అడుగు పళ్ళెం తీసేయండి. రెండేళ్ళకు మొక్క నడుమ కట్టెబారి ఖాళీ అవుతుంది. అందుకే ప్రతి ఏడాదీ 8–10 సెంటీమీటర్ల లేత కొమ్మచివరలు తుంచి, కింది ఆకులు తీసి, తడి ఇసుక కలిపిన కోకోపీట్‌లో (కొబ్బరిపీచు పొడి) గుచ్చుకోండి. మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. కొమ్మ మీద ప్లాస్టిక్ కవరు కప్పకండి, నూగు వల్ల కుళ్ళిపోతుంది.

రెండోది, మీ గోడకు: జాక్విమాంటియా పెంటాంథా. దీని నీలం మీద ఎవరికీ పేచీ ఉండదు. తెల్లటి గొంతు, గుత్తులు గుత్తులుగా 2–2.5 సెంటీమీటర్ల పూలు. సన్నని తీగ, రెండు మూడు మీటర్లు పాకుతుంది. పగలు పొట్టిగా ఉండే నెలల్లో విరగపూస్తుంది, వేసవిలో తగ్గుతుంది. వైరు సన్నగా ఉండాలి, లావు గొట్టాన్ని చుట్టుకోలేదు. పూత అయ్యాక మూడో వంతు కత్తిరించాలి, లేకపోతే కింద ఎండుకొమ్మలు, పైన మాత్రం పూలు. గాలి ఆడని మూలలో పెడితే ఎర్రనల్లి ఖాయం.

మూడోది ప్లంబాగో ఆరిక్యులేటా, నీలి చిత్రమూలం. ఇది లేత ఆకాశనీలం. చిక్కటి నీలం కావాలంటే రాయల్ కేప్ అన్న రకాన్ని పేరుతో అడగండి. నడి వేసవిలో ఎండకు ఎలాగూ కాస్త పాలిపోతుంది, చల్లబడ్డాక రంగు తిరిగొస్తుంది. పూత కొత్త చిగుళ్ళ మీదే. చలికాలం చివర సగానికి సగం కొట్టేయడానికి వెనకాడొద్దు. ఆ తర్వాత కూడా గుత్తి అయిపోగానే దాని కింద రెండాకుల మేర తుంచేస్తే ఆరేడు వారాల్లో మళ్ళీ గుత్తి. పూవు మొదట్లోని రక్షకపత్రాలకు జిగురు వెంట్రుకలుంటాయి, నడిచే దారి పక్కన పెడితే బట్టలకు అంటుకుంటాయి. రసం కొందరి చర్మానికి పడదు, కత్తిరించేటప్పుడు తొడుగులు వేసుకోండి. మీ బోరు నీళ్ళకు దీని లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఎరువు తక్కువై కాదు, సున్నం ఎక్కువై ఇనుమూ మాంగనీసూ అందక. యూరియా వేసినా తగ్గదు. సూక్ష్మపోషకాల మిశ్రమం ఆకుల మీద సాయంత్రం పిచికారీ చేయాలి.

నీడ పక్కకు ఎరాంథిమమ్ పుల్కెల్లమ్. దీని గురించి విడిగా రాస్తాను, అంత విలువైన పొద.

#5 విత్తనాలసంచి

శంఖుపుష్పాన్ని వదిలేశారేం? దొరికే వాటిలో చవకగా, సులువుగా వచ్చే నీలం అదే కదా.

#6 నీడపందిరి

వదల్లేదు, అడిగినవారి షరతు వల్ల ఆగాను. శంఖుపుష్పం పొద్దున్నే ఎండ పడకముందు చూస్తే రాజనీలం, మధ్యాహ్నానికి ఊదా వైపు జరుగుతుంది. బాల్‌పెన్ గీత పక్కన పెడితే ఎరుపు ఛాయ కనపడుతుంది. “దూరం నుంచి చూసినా నీలం” అన్న మాటకు అది పూర్తిగా నిలబడదు.

#7 విత్తనాలసంచి

ఒప్పుకోను. ముద్దపూవు రకం ఊదాగా కనపడుతుంది, నిజమే, ఎందుకంటే రేకులు ఒకదాని మీద ఒకటి పడి లోపలి నీడ ముదురుతుంది. ఒంటిరేకు ముదురునీలం రకం నుంచి ఏరిన విత్తనం పెడితే తేడా తెలుస్తుంది. నీలం అనే ఒక్క మాటతో అమ్మే పొట్లాల్లో అన్ని ఛాయలూ కలిసిపోయి ఉంటాయి, ఊదా పేరు అలా వచ్చింది. పూసిన తీగల్లోంచి నీలం బాగున్న ఒక్కదాన్ని గుర్తుపెట్టుకుని దాని కాయలే ఉంచండి, మిగతావి పీకేయండి. ఎక్కువగా తనలో తానే పరాగసంపర్కం జరుపుకునే మొక్క కాబట్టి రంగు చాలావరకు నిలుస్తుంది.

పెంచే పద్ధతి చెప్తాను. విత్తనం తొక్క గట్టిది. చివర గరుకు కాగితం మీద ఒకటి రెండు సార్లు రుద్ది, గోరువెచ్చని నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టండి. ఉబ్బినవి మాత్రమే నాటండి, ఉబ్బనివి మళ్ళీ రుద్దండి. ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు. వేడి మట్టిలో వారం పది రోజుల్లో మొలుస్తుంది. నాలుగు జతల ఆకులు రాగానే తల తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. చిక్కుడు కుటుంబం, వేరుబుడిపెల్లో నత్రజనిని తనే స్థిరీకరించుకుంటుంది. పేడ ఎరువు దండిగా వేస్తే గోడంతా ఆకే, పూవుండదు. పచ్చికాయలు ఎప్పటికప్పుడు తుంచాలి, కాయ కట్టిందంటే పూత నిలిచిపోతుంది.

#8 ఎర్రమట్టి

ఇద్దరి మాటా సరే. జాక్విమాంటియా పక్కన శంఖుపుష్పం మాత్రం పెట్టకండి. ఆకాశనీలం పక్కన రాజనీలం పెడితే రెండోది మరింత ఊదాగా కనిపిస్తుంది. రెండూ కావాలంటే నడుమ నాలుగడుగుల తెల్లపూల తీగ ఉండాలి.

#9 మొలకలగంప

అర్థమైంది. గోడకు జాక్విమాంటియా ఖాయం చేసుకుంటున్నాను. మార్నింగ్ గ్లోరీ కూడా అదే గోడకు నడుస్తుందా? హైడ్రాంజియా సంగతి ఎవరైనా చెప్పండి.

#10 ఆకుపచ్చ

హెవెన్లీ బ్లూ నడుస్తుంది కానీ నడి వేసవికి కాదు. వానల చివర విత్తితే పగలు పొట్టి అయ్యేసరికి పూతకొస్తుంది. విత్తనం పైతొక్క చెక్కి రాత్రంతా నానబెట్టి, ఒక సెంటీమీటరు లోతులో, తీగ ఎక్కాల్సిన చోటే నాటాలి. నారు పీకి నాటితే వేరు కదిలి వారాలపాటు ముడుచుకుని కూర్చుంటుంది. బలహీనమైన మట్టే మేలు. 8–10 సెంటీమీటర్ల పూవు, ఉదయానికి విచ్చి, ఎండెక్కితే గులాబీ రంగుకు తిరిగి ముడుచుకుంటుంది. విత్తనాలు విషం, పిల్లలూ పెంపుడు జంతువులూ ఉన్నచోట పొట్లం ఎత్తున పెట్టాలి, కాయలు ముదరనివ్వకూడదు.

హైడ్రాంజియా మాత్రం ఈ వేడికి సలహా ఇవ్వను. 30 దాటితే మధ్యాహ్నానికల్లా వేలాడిపోతుంది. ఆకు పెద్దది, నీరు ఆవిరైనంత వేగంగా వేరు లాగలేదు. అయినా చల్లని ప్రాంతాలవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి నీలం చేసే పద్ధతి పూర్తిగా రాస్తాను, ఇందులో తప్పుడు సలహాలు చాలా తిరుగుతున్నాయి.

హైడ్రాంజియా మాక్రోఫిల్లాలో గులాబీ పూవుకూ నీలి పూవుకూ వర్ణకం ఒక్కటే. నీలం కావడానికి రేకులోకి అల్యూమినియం రావాలి. మట్టి పీహెచ్ 5.5కు దిగువన ఉంటేనే అల్యూమినియం కరిగి వేరుకు అందుతుంది, 6.5 దాటితే బిగిసిపోతుంది. అంటే మట్టి పుల్లగా ఉండాలి, అందులో అల్యూమినియమూ ఉండాలి. నేలలో అల్యూమినియం మామూలుగానే ఉంటుంది. కుండీలో కోకోపీటు, పీటు, పెర్లైటే ఉంటే పీహెచ్ 5 ఉన్నా పూవు గులాబీగానే వస్తుంది, ఎందుకంటే అక్కడ అందే అల్యూమినియమే లేదు. కుండీలో నీలం రాలేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

మోతాదు: అల్యూమినియం సల్ఫేట్ 15 గ్రాములు 4 లీటర్ల నీటికి. ముందు మామూలు నీళ్ళతో మట్టి తడపండి, తర్వాత ఈ ద్రావణం 10–12 అంగుళాల కుండీకి ఒకటిన్నర లీటరు. పొడి మట్టిలో పోస్తే వేర్లు కాలిపోతాయి, ఆకు అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. ఆకుల మీద పడకూడదు. కొత్త చిగుళ్ళు మొదలైనప్పటి నుంచి మొగ్గ రంగు తిరిగేదాకా మూడు వారాలకోసారి. విచ్చిన పూవుకు పోసి లాభం లేదు, దాని రంగు మారదు.

అల్యూమినియం సల్ఫేట్ దొరకకపోతే పటిక వాడొచ్చు. పటికలో అల్యూమినియం బరువులో 5.7 శాతం, స్ఫటిక రూపంలోని అల్యూమినియం సల్ఫేట్‌లో 8.1 శాతం. కాబట్టి 15కు బదులు 21 గ్రాములు. పొడి చేసి గోరువెచ్చని నీళ్ళలో పూర్తిగా కరిగించాకే పోయండి.

భాస్వరం అల్యూమినియాన్ని పట్టి బిగించేస్తుంది. ఎముకల పొడి, సూపర్ ఫాస్ఫేట్ వేసిన కుండీలో ఎంత పటిక పోసినా నీలం రాదు. భాస్వరం తక్కువ, పొటాష్ ఎక్కువ ఉన్న ఎరువు కావాలి, 25-5-30 (నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) లాంటిది. బోరు నీళ్ళలోని బైకార్బనేట్లు పీహెచ్‌ను మళ్ళీ పైకి లాగుతాయి, వాననీళ్ళు పట్టి వాడటం మేలు. సిమెంటు గోడ పక్కన, సిమెంటు తొట్టిలో పెడితే సున్నం దిగుతూనే ఉంటుంది.

తుప్పు మేకులు, కాఫీ పిప్పి వల్ల నీలం రాదు. మేకుల్లో ఇనుము ఉంటుంది, ఇక్కడ కావాల్సింది అల్యూమినియం. తెల్లపూల రకాలకు ఏం చేసినా నీలం రాదు. ముదురు ఎరుపు రకాలు ఊదా దాకా వచ్చి ఆగుతాయి. నీలంగా తిరుగుతుందని పేరున్న రకమే కొనాలి.

పీహెచ్ చూడటానికి గుచ్చే చౌక మీటర్లను నమ్మకండి. ఒక వంతు మట్టి, రెండు వంతుల స్వేదనజలం కలిపి అరగంట తేర్చి పైనీళ్ళలో పీహెచ్ కాగితపు పట్టీ ముంచండి.

#11 తేనెటీగ

చలికాలం కుండీల సంగతి చెప్తాను, మొలకలగంప గారికి అసలైన నీలం పండేది అప్పుడే. వేడి ప్రాంతాలవాళ్ళు ఏడాది పొడవునా పూసే మొక్కల కోసం తెగ వెతికి, చలికాలాన్ని చేజార్చుకుంటారు. రాత్రి ఉష్ణోగ్రత వరుసగా 20కి దిగువన ఉండటం మొదలవగానే విత్తండి, పగలు 32 దాటేలోపు పంట అయిపోతుంది. ఆ మధ్య మూడు నాలుగు నెలలు చాలు.

ఫకేలియా కాంపనులేరియా: నేను చూసిన ఒక్క ఋతువు మొక్కల్లో దీనంత గాఢమైన నీలం మరోటి లేదు. ఎడారి మొక్క, 15–25 సెంటీమీటర్ల ఎత్తు, గంట ఆకారం పూవు, గొంతులో తెల్లచుక్కలు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పూత. ఇసుకమట్టి, ఎరువు లేకుండా. విత్తనం చీకట్లో మొలుస్తుంది, 3–4 మిల్లీమీటర్లు కప్పాలి. నేరుగా కుండీలోనే చల్లి, మొలకలు 10–12 సెంటీమీటర్ల ఎడం ఉండేలా పలచన చేయాలి. వెంట్రుకలు తగిలితే కొందరికి దద్దుర్లొస్తాయి, తొడుగులు తప్పనిసరి.

కార్న్‌ఫ్లవర్: మిక్స్ పొట్లం తీసుకోకండి, అందులో గులాబీ, తెలుపు కలుస్తాయి. బ్లూ బాయ్ లేదా బ్లూ డయాడెమ్ అని పేరు చూసి తీసుకోండి. ఒక సెంటీమీటరు లోతు, వారం నుంచి రెండు వారాల్లో మొలక, 10–12 వారాలకు పూత. తల్లివేరు మొక్క, నారు పోసి నాటొద్దు. 15 సెంటీమీటర్ల ఎత్తులో తల తుంచాలి. బాగా పెరిగితే 70–80 సెంటీమీటర్లు, గాలికి ఒరుగుతుంది, మొదటి మొగ్గ కనపడకముందే పుల్లలు గుచ్చి దారం కట్టండి. ఎరువు ఎక్కువైతే కాండం మెత్తబడి ముందే పడిపోతుంది. పేనుబంక మొగ్గల మెడ దగ్గర చేరుతుంది, గట్టి నీటిధారతో పోతుంది.

నెమోఫిలా మెంజీసియై: మధ్యలో తెలుపు, అంచు ఆకాశనీలం. కుండీ అంచు నుంచి వేలాడుతుంది. వేడి తగలగానే మూడు నాలుగు రోజుల్లో కుప్పకూలుతుంది, అందుకే ఉదయం ఎండ మాత్రమే పడే చోట ఉంచండి.

డెల్ఫినియం గ్రాండిఫ్లోరం, బ్లూ మిర్రర్ లేదా బ్లూ బటర్‌ఫ్లై: పొడుగు కంకుల డెల్ఫినియంలా కాకుండా 30–40 సెంటీమీటర్లలోనే విరిసే పొట్టిరకం, ఏడాది మొక్కగా పెంచొచ్చు. మొలకదగ్గరే సమస్య. మట్టి 15–18 డిగ్రీలుంటే బాగా మొలుస్తుంది, 24 దాటితే నిద్రలోకి పోతుంది. విత్తనం వేడి గదిలో ఒక్క వేసవి ఉంటే మొలకశక్తి పోతుంది, కొన్న రోజు నుంచి గాజుసీసాలో ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. మొక్క మొత్తం విషం.

లొబీలియా గురించి ఒక్క మాట. విత్తనం దుమ్ములా ఉంటుంది, కప్పకూడదు, పొడి ఇసుకతో కలిపి పైన చల్లి కిందనుంచి నీరు పట్టించాలి. కేంబ్రిడ్జ్ బ్లూ రకం ఆకాశనీలం, క్రిస్టల్ ప్యాలెస్ ముదురునీలం. ముదురు రకం పది అడుగుల దూరంలో నలుపులా కనపడుతుంది.

#12 మొలకలగంప

బోరేజ్, సాల్వియా, అగరాటమ్ అని కూడా సూచిస్తున్నారు. నీలి కలువ తొట్టి పెట్టమని ఇంకొకరు.

#13 తేనెటీగ

బోరేజ్ సరే, మొగ్గ గులాబీ, విచ్చాక మంచి నీలం. కానీ పూవు తల వేలాడేస్తుంది, కింది నుంచి చూస్తేనే రంగు తెలుస్తుంది, ఎత్తైన చోట పెట్టాలి. సాల్వియా ఫారినేసియా వేడికి బ్రహ్మాండంగా తట్టుకుంటుంది కానీ అది ఊదానీలం, మీ షరతుకు తప్పుతుంది. సాల్వియాల్లో నిజమైన నీలం సాల్వియా పేటెన్స్, దానికి రాత్రి చల్లదనం కావాలి. అగరాటమ్ లావెండర్, వద్దు. తొట్టిల్లోకి దొరికే నీలి కలువలు ఎక్కువ భాగం లావెండర్ ఛాయవే.

#14 నీడపందిరి

ఎరాంథిమమ్ గురించి చెప్తానన్నాను. నీడలో చిక్కటి నీలం పూసే పొదలు లోకంలోనే తక్కువ, వేడికి తట్టుకునేవి ఇంకా తక్కువ. ఇది రెండింటికీ సరిపోతుంది. మీటరు నుంచి మీటరున్నర ఎత్తు, ముదురాకు మీద లోతుగా దిగిన ఈనెలు. కొమ్మచివర ఒక కంకి లేస్తుంది, ఆ కంకిలో పచ్చని ఈనెలున్న పుష్పపత్రాలు (పూల కింది చిన్న ఆకులు) పలకలు పేర్చినట్టుంటాయి. వాటి సందుల్లోంచి రోజుకు రెండు మూడు చొప్పున నీలిపూలు తొంగిచూస్తాయి. దగ్గరగా చూస్తే గొంతు దగ్గర మాత్రం చిన్న ఊదా మచ్చ, రేకు మొత్తం నీలమే. చలికాలంలో పూత.

కొమ్మ కత్తిరించే వేళ దీనికి ప్రాణం. పూత ముగిసిన వెంటనే ప్రతి కొమ్మనూ నేలకు 20–25 సెంటీమీటర్ల ఎత్తులో కొట్టేయండి. వేసవంతా, వానలంతా చిగురు సాగి, ఆ చివర్లలోనే చలికాలపు మొగ్గ కూర్చుంటుంది. వానలు సగం దాటాక కత్తిరింపు చేస్తే ఆ ఏడాది పూవు లేదు. అసలు కత్తిరించకపోతే కాళ్ళు పొడుగై కింద మొండెం, పైన నాలుగు పూలు. కొట్టేసిన కొమ్మల్లోంచి మూడు కణుపుల ముక్కలు తీసి నీడలో తడి ఇసుకలో గుచ్చితే నెలలో మొక్కలు.

మధ్యాహ్నపు ఎండ నేరుగా పడితే ఆకు అంచు కాలుతుంది. మరీ చీకటి నీడలో పెడితే ఆకు బాగుంటుంది, కంకి రాదు. వడగట్టినట్టు పడే వెలుతురు, ఉదయం గంటా రెండు గంటల ఎండ, ఇది సరైన లెక్క. పిండినల్లి కంకి పలకల సందుల్లో దాక్కుంటుంది, పైకి కనపడదు. మొగ్గ తొడిగే ముందే వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, రెండు మిల్లీలీటర్ల మెత్తని సబ్బునీరు కలిపి సాయంత్రం కొట్టండి.

#15 విత్తనాలసంచి

నీలాంబరం, బార్లేరియా, అదే నీడకు వస్తుంది, పేరులోనే నీలం ఉంది. కానీ పూవు ఊదా వైపే, అది ముందే చెప్పేస్తున్నాను. ఇంకోటి, రోథెకా, నీలి సీతాకోకచిలుక పొద అంటారు. నాలుగు రేకులు లేతనీలం, కింది రేకు మాత్రం ముదురు ఊదానీలం. రెండు రంగులూ కలిసి దూరానికి నీలంగానే చదువుకుంటుంది కంటికి. అర ఎండకు సరిపోతుంది.

#16 ఎర్రమట్టి

కుండీలు అమర్చే చోట ఒక జాగ్రత్త. నీలం దూరమయ్యేకొద్దీ వెనక్కి జారే రంగు. లేతనీలం దూరంగా, ముదురునీలం కంటికి దగ్గరగా పెట్టండి, చాలామంది దీన్ని తిరగేస్తారు. పక్కన తెలుపు, నిమ్మపసుపు ఉంటే నీలం తేలుతుంది. గులాబీ, ఊదా పక్కన పెడితే ఆ ఎరుపు ఛాయ కంటికి అంటుకుని వరుసంతా ఊదాగానే అనిపిస్తుంది. నీలి కుండీల్లో నీలిపూలు పెట్టకండి, కుండీ రంగు ముందు ఏ పూవైనా వెలవెలబోతుంది. మట్టికుండీ బాగుంటుంది, ఎవాల్వ్యులస్‌కు తడి ఆరడానికీ మంచిది.

#17 మొలకలగంప

ఇప్పటిదాకా తేలింది రాస్తున్నాను. ఎండ వరుసలో ఆరు కుండీలు ఎవాల్వ్యులస్, నాలుగు చలికాలంలో ఫకేలియా, కార్న్‌ఫ్లవర్. గోడకు జాక్విమాంటియా. నీడలో ఎరాంథిమమ్ రెండు. ప్లంబాగో కుండీలో ఇముడుతుందా? వేసవిలో ఆ నాలుగు కుండీలు ఖాళీగా ఉంటే ఏం చేయాలి?

#18 నీడపందిరి

ప్లంబాగోకు 12 అంగుళాలు చాలవు, 16–18 ఉండాలి, లేకపోతే వేసవిలో రోజుకు రెండుసార్లు నీళ్ళు అడుగుతుంది. నేలలో పెట్టే వీలుంటే అదే మేలు. ఎవాల్వ్యులస్‌ను ఆరు కుండీలకూ ఒకేసారి ఒకే వయసు మొక్కలు పెట్టకండి. మూడు ఇప్పుడు, మూడు వాటి కొమ్మల నుంచే ఆరునెలల తర్వాత. అప్పుడు ముదిరినవి తీసేసే వేళకు వరుస బోసిపోదు.

#19 తేనెటీగ

ఆ నాలుగు కుండీల్లో వేసవికి ఒంటిరేకు శంఖుపుష్పం పెట్టి చిన్న పందిరి కర్రలకు ఎక్కించండి, విత్తనాలసంచి గారు చెప్పినట్టు ఏరిన రంగుతో. చలికాలం విత్తే నాటికి వేర్లతో సహా పీకకుండా కాండం మొదట్లో కోసేయండి, బుడిపెలు మట్టిలోనే కుళ్ళి నత్రజని మిగులుస్తాయి. ఆ మట్టి కార్న్‌ఫ్లవర్‌కు చాలు, పైన ఇంకేం వేయొద్దు. ఫకేలియా కుండీలకు మాత్రం సగం మట్టి తీసి ముతక ఇసుకతో నింపండి, దానికి ఆ మిగిలిన నత్రజని కూడా ఎక్కువే.

#20 ఆకుపచ్చ

బోరు నీళ్ళ ఉప్పు కోసం నెలకోసారి ప్రతి కుండీలోకీ దాని ఘనపరిమాణానికి రెండింతలు వాననీళ్ళు పోసి అడుగు నుంచి పోనివ్వండి. తెల్లటి పొర కుండీ అంచుకు కనపడితే నెల దాకా ఆగకుండా అప్పుడే చేయాలి. ఎవాల్వ్యులస్‌కు ఇది చేసిన రోజు మధ్యాహ్నంలోపు పూర్తిచేయండి, రాత్రికి ఆకుల మీద తడి ఉండకూడదు.